ఫైబర్ పని, మీ ప్రశ్నలు: గ్లైడర్ కాక్‌పిట్ స్పెషల్

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల చానా వరకు పెద్ద స్కేల్ మోడల్ గ్లైడర్ల, అంటే ఇంజన్ లేకుండ ఎగిరే విమానాల నమూనాల కాక్‌పిట్ మీదనే ఉన్నయి. అందుకని బంపర్లు, వాటర్ ట్యాంకుల ప్రశ్నలు వచ్చే సంచికకు జరిపి ఇయ్యాల మొత్తం ఇదే ముచ్చట పెట్టుకుందాం.

ప్రశ్న: నమస్తే సార్. నా దగ్గర రెండు సీట్ల ఏఎస్‌కే 21 గ్లైడర్‌కు మూడో వంతు సైజు మోడల్ ఉంది. బాడీ, రెక్కలు తయారై వచ్చినయి గానీ కాక్‌పిట్ లోపల ఏం లేదు, ఖాళీ డొప్ప. రెండు సీట్లు, మీటర్ల ప్యానల్ మీది కప్పు, పక్క ప్యానళ్లు నేనే ఫైబర్‌తో చేసుకోవాలనుకుంటున్న. మా దగ్గర విగ్రహాలు, ఫైబర్ డోర్లు చేసే షాపాయన మ్యాట్ (నెయ్యకుండ, గ్లాస్ నూలును గమ్ముతో అతికించిన పొర) వేసి రెండు రోజులల్ల చేసిస్త అంటున్నడు. ఇయ్యాల్నా వద్దా? నేనే చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలె?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: సార్, రెసిన్ (గట్టిపడే ద్రవం) ఏది, గుడ్డ (నేసిన గ్లాస్ నూలు) ఏది అనేది తర్వాత. ముందుగాల ఒక్కొక్క పార్టును మనసుల పెట్టుకొని దీని ఏ ముఖం కనబడతది అని చూసుకోండి. డైకి (అచ్చుకు) తగిలిన ముఖమే నున్నగ వస్తది, రెండో ముఖం మీద గుడ్డ అల్లిక, బ్రష్ గీతలు అన్ని తేలుతయి. ఈ ఒక్కటి ముందే తేల్చుకుంటే సగం పని తగ్గుతది, తేల్చుకోకుంటే అయిపోయినంక పుట్టీ పెట్టి రుద్దుడే రుద్దుడు.

సీటునే తీసుకోండి. పైలట్ బొమ్మ కూర్చునే గుంత ముఖం కనబడతది, అడుగు ముఖం ఎవ్వలకు కనబడది. కాబట్టి ప్యాటర్న్‌ను (మొదట చెక్కుకునే ఆకారాన్ని) ఉబ్బుగ చెయ్యాలె, అంటే పైలట్ వీపు, తొడలు సీట్ల ఎంత జాగ నింపుతయో ఆ ఆకారం చేసి, దాని మీదనే గుడ్డ పరిచి ఆరినంక ఊడబీకితే లోపలి ముఖం నున్నగ వచ్చేస్తది, వేరే డై అక్కర్లేదు. మీటర్ల కప్పు దీనికి పూరా ఉల్టా, దాని బయటి ఉబ్బు కనబడతది, కాబట్టి దానికి మాత్రం ప్యాటర్న్ చేసి, దాని మీద డై తీసి, ఆ డై లోపల గుడ్డ పరచాలె. పక్క ప్యానళ్లు దాదాపు చదునుగ ఉంటయి, వ్యాక్స్ పట్టించిన గాజు పలక మీద షీటు తీసి కోసుకుంటే సరిపోతది.

ఇగ మ్యాట్ సంగతి. ఆ షాపాయన పనితనం గురించి నాకేం అనుమానం లేదు, విగ్రహాలకు, డోర్లకు మ్యాటే కరెక్టు. గానీ మ్యాట్ దాని బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెసిన్ తాగుతది. మీ సీటు అంచులతోని కలిపి విప్పి పరిస్తే రఫ్‌గ 25 సెంటీమీటర్లు బై 60 అనుకుందాం, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెండు పొరలు వేస్తే మ్యాటే 135 గ్రాములు, రెసిన్ 300 గ్రాములు, మొత్తం 400 దాటింది. అదే జాగల చదరపు మీటరుకు 80 గ్రాముల సన్న గుడ్డ ఒక పొర, 160 గ్రాములది రెండు పొరలు ఎపాక్సీతో వేస్తే గుడ్డ 60 గ్రాములు, రెసిన్ ఇంకో 60, అంటే 120 గ్రాములల్ల సీటు అయిపోతది. రెండు సీట్లకు లెక్కేస్తే 600 గ్రాముల పైన తేడా. ముంగటి సీటుల బరువు కొంత పెరిగినా నష్టం లేదు, ఎట్లాగూ ముక్కుల సీసం పెట్టి బ్యాలెన్స్ చేస్తరు కదా, ఆ సీసం కొంత తగ్గించుకోవచ్చు. ఎనుక సీటు అట్ల కాదు, అది రెక్క దగ్గర సెంటర్ ఆఫ్ గ్రావిటీకి ఆనుకొని ఉంటది, అక్కడ పెరిగిన బరువు బ్యాలెన్స్‌కు పనికిరాదు, ఉత్తగ మోసుడే. అందుకే ఎనుక సీటును ఇంకా పల్చగ చెయ్యమంట.

ఇంకో మాట, ఆ షాపుల వాడే పాలిస్టర్ రెసిన్‌ల స్టైరీన్ ఉంటది, ప్యాటర్న్ థర్మకోల్‌ది అయితే అది దాన్ని కరిగించి పారేస్తది. ఎపాక్సీ కరిగించది. మ్యాట్‌ను ఎపాక్సీతో వేద్దాం అనుకున్నా కుదరదు, ఎందుకంటే మామూలు మ్యాట్‌ల నూలును పట్టి ఉంచే గమ్ము స్టైరీన్‌కే కరుగుతది, ఎపాక్సీకి అది కరగక మ్యాట్ మూలల కాడ మొండిగ నిలబడతది. కాబట్టి ఎపాక్సీ, నేసిన గుడ్డ, ఈ జోడీ పట్టుకోండి. మన దగ్గర సులువుగ దొరికేది ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డెనర్, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకు వాడేది కూడ ఎక్కువగ ఇదే. తూకం ప్రకారం 100కు 10, అంటే 60 గ్రాముల రెసిన్‌కు 6 గ్రాముల హార్డెనర్. దీనికి బంగారం షాపుల వాడే లాంటి చిన్న డిజిటల్ కాంటా ఒకటి కొనుక్కోండి, అందాజగ పోస్తే పని చెడుతది.

షాపాయనను మాత్రం ఇడ్సిపెట్టకండి, ప్యాటర్న్ ఫినిషింగ్ ఆయన చేతుల బాగుంటది. ప్యాటర్న్ గట్టి ఫోమ్‌తోనో ఎండీఎఫ్‌తోనో చెక్కి, మీద ఎపాక్సీతో ఒక సన్న గుడ్డ కప్పి, కారు పుట్టీ, ప్రైమర్ వేసి, 220 నుంచి మొదలుపెట్టి 400, 600, 1000 దాకా వాటర్ పేపర్ కొట్టాలె. రుద్దినంక ట్యూబ్‌లైట్ కింద పెట్టి పక్క నుంచి చూడండి. లైటు గీత ప్యాటర్న్ మీద ఎక్కడ వంకర పోతే అక్కడ ఎత్తుపల్లం ఉన్నట్టే, కంటికి కనబడనిది ఆ గీత చూపిస్తది. మూలలు ఏవి కూడ కత్తిల పదును ఉండొద్దు, కనీసం మూడు మిల్లీమీటర్ల గుండ్రం ఇయ్యండి, లేకుంటే గుడ్డ మూలల కూర్చోక గాలి బుడగ మిగులుతది. గోడలు నిట్టనిలువుగ కాకుండ మూడు నుంచి ఐదు డిగ్రీల వాలు పెట్టుకుంటే పార్టు సులువుగ ఊడుతది. సిలికాన్ లేని వ్యాక్స్ ఐదారు కోట్లు, ఒక్కో కోటుకు మధ్యల ఆరనిచ్చి మెరుగు పెట్టుకుంట, చివరికి పీవీఏ (పార్టు అతుక్కోకుండ పూసే ద్రవం) ఒక పల్చటి కోటు. ఆ పీవీఏ నీళ్లల్ల కరుగుతది, పార్టు మొండికేస్తే అంచుల్లకెళ్లి గోరువెచ్చని నీళ్లు పోస్తే వదులుతది.

గుడ్డ పరిచేటప్పుడు ఒంపుల మీదికి వచ్చే గుడ్డను 45 డిగ్రీల ఏటవాలుగ కత్తిరించుకోండి, నిలువు అడ్డం కత్తిరించిన దానికంటే అది ఒంపులకు మస్తు మంచిగ అతుకుతది. ముందుగాల రెసిన్ పూసి, దాని మీద గుడ్డ పరిచి, బ్రష్ రుద్దకుండ నిలువుగ పట్టుకొని టకటక పొడవాలె. గుడ్డ తడిసినా కొద్ది తెల్లదనం పోయి కింద ప్యాటర్న్ రంగు కనబడతది, ఎక్కడన్న తెల్ల చుక్క మిగిలిందంటే అది గాలి, దాన్ని అంచు దాకా తరుముకుంట పోయి బయటికి తియ్యాలె. రెసిన్ పైన నిలిచి మెరుస్తుంటే ఎక్కువైనట్టు, టిష్యూ పేపర్‌తోని అద్ది తీసెయ్యండి. ఆఖరుకు, చేతికి అంటదు గానీ గోరు పెడితే గుంత పడే స్టేజీల కొత్త బ్లేడుతో అంచులు కోసెయ్యండి. పూరా గట్టిపడ్డంక అదే అంచుకు గ్రైండర్ పట్టాలె, దుమ్ము పీల్చాలె.

సీటు అడుగున టో రిలీజ్ (లాగే తాడును వదిలే కొక్కెం) సర్వో మోటార్, బ్యాటరీ, వైర్లు ఉంటయి కాబట్టి సీటును గమ్ము పెట్టి అతికించకండి. పక్కలకు సెంటీమీటరున్నర అంచు వదిలి, బాడీకి ప్లైవుడ్ చెవులు అతికించి, నాలుగు స్క్రూలతోని కూర్చోబెట్టండి. గ్రౌండ్‌ల నిలబడ్డప్పుడు రెండు నిమిషాలల్ల ఊడి రావాలె.

ప్రశ్న: మొన్న మేల డాబా మీద ఎపాక్సీ కలిపితే ఐదు నిమిషాలు కాకముందే కప్పుల పొగ లేచి, ప్లాస్టిక్ కప్పు వంకర పోయి, రాయి అయింది. హార్డెనర్ సగం తగ్గించి కలిపితే టైం ఎక్కువ దొరుకుతదా?
— కరీంనగర్

జవాబు: అస్సలు తగ్గించకండి. పాలిస్టర్‌ల అయితే క్యాటలిస్ట్‌ను ఎండను బట్టి జర అటు ఇటు చేసుకోవచ్చు, అది రియాక్షన్‌ను మొదలుపెట్టేది మాత్రమే. ఎపాక్సీల హార్డెనర్ అట్ల కాదు, అది రెసిన్‌తోని కలిసి గట్టిపదార్థంల భాగం అయితది. సగం వేస్తే సగం రెసిన్‌కు జత దొరకక ఎన్ని రోజులైనా జిగట జిగటగనే ఉంటది, దాన్ని గీకి పారేసుడు తప్ప వేరే దారి లేదు.

మీ కప్పుల జరిగింది ఏందంటే, ఎపాక్సీ గట్టిపడేటప్పుడు దానంతట అది వేడి పుట్టిస్తది, ఆ వేడికి రియాక్షన్ ఇంకా స్పీడ్ అయితది, కప్పుల ముద్దగ ఉంటే ఆ వేడి పోయే తొవ్వ లేదు. పైగా 43 డిగ్రీల ఎండ. కలిపిన వెంటనే వెడల్పు ట్రేలకు పల్చగ పోసుకుంటే అదే రెసిన్ ఎక్కువసేపు ఆగుతది. ఒక్కసారి 40, 50 గ్రాముల కంటే ఎక్కువ కలపకండి, అయిపోయినా కొద్ది కలుపుకోండి. గుడ్డ ముక్కలన్ని ముందే కోసి, వరుసల నంబర్లు వేసి పెట్టుకుంటే కలిపినంక వెతుకులాట ఉండదు. ఎండాకాలంల తెల్లారంగ ఐదు నుంచి ఏడు లోపల, నీడ పట్టున, ఇదే టైం. వేరే స్లో హార్డెనర్ దొరికితే దాని సొంత తూకం ప్రకారం వాడండి. చలికాలం దీనికి ఉల్టా, ఎల్‌వై 556 తేనె కన్న చిక్కగ అయితది, అప్పుడు రెసిన్ డబ్బాను గోరువెచ్చని నీళ్లల్ల కాసేపు పెట్టి వాడుకోండి, హార్డెనర్ కలపకముందు మాత్రమే.

వానాకాలంది ఇంకో బాధ. గాలిల తేమకు ఆరిన పార్టు మీద మైనం లాంటి జిడ్డు పొర వస్తది, హార్డెనర్ గాలిల తేమతోని, కార్బన్ డయాక్సైడ్‌తోని కలిసి చేసేది అది. థిన్నర్‌తోని తుడిస్తే సరిగ పోదు, మామూలు నీళ్లు, స్కాచ్‌బ్రైట్ పెట్టి కడగండి, కడిగి ఆరినంకనే వాటర్ పేపర్ కొట్టండి, లేకుంటే ఆ జిడ్డు పేపర్‌తోని లోపలికి రుద్దుకుపోయి పెయింట్ లేస్తది.

ప్రశ్న: అన్నా, మీటర్ల కప్పు మెరవని నల్ల పెయింట్ వేసి మస్తు మంచిగ చేసిన. ఒక మధ్యాహ్నం ఎండల కనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక ప్లాస్టిక్ మూత) మూసి పెడితే అది మధ్యలకు కుంగింది. గుడ్డ తక్కువైందా?
— గోదావరిఖని

జవాబు: గుడ్డ పొరల లోపం కాదు తమ్ముడూ, పెయింట్ నలుపు, కనోపీ మూసుడు, పైన మన ఎండ, ఈ మూడు కలిసినయి. గది వేడిల మాత్రమే ఆరిన ఎపాక్సీ సాధారణంగ 50, 60 డిగ్రీల కాడ మెత్తబడుడు మొదలుపెడతది. మూసిన కనోపీ కింద నల్ల ముక్క ఎండల అంతకు మించి సులువుగ కాలుతది. అసలు సైజు గ్లైడర్లు తెల్లగ ఎందుకుంటయో తెలుసా, ఇదే కారణం. ఫైబర్‌గ్లాస్‌తోని చేసిన మొదటి గ్లైడర్ ఎఫ్‌ఎస్ 24 ఫీనిక్స్ జర్మనీల 1957ల ఎగిరింది, అప్పటి నుంచి ఇప్పటి దాకా ఫైబర్ గ్లైడర్లు దాదాపు అన్ని తెలుపే. నీ ఏఎస్‌కేనో వేరేదో, దాని అసలుది కూడ తెల్లగనే ఉంటది చూడు.

చెయ్యాల్సింది ఏందంటే, వచ్చేసారి పార్టును డైల నుంచి తీయకముందే కాల్చు, అంటే ఒక రోజు మామూలుగ ఆరినంక డైతో సహా వేడి ఇయ్యి. చెక్క డబ్బాకు లోపల అల్యూమినియం ఫాయిల్ అతికించి, రెండు పాత ఫిలమెంట్ బల్బులు పెట్టి, థర్మామీటర్ వేలాడదీసి, మెల్లగ 60 డిగ్రీలకు తీస్కపోయి ఆరేడు గంటలు ఉంచు, మల్ల మెల్లగనే చల్లారనియ్యి. బల్బుకు డైకి మధ్యల జాగ ఉండాలె, నువ్వు పక్కన లేనప్పుడు మాత్రం పెట్టకు. ఫోమ్ ప్యాటర్న్ లోపల ఉంటే 60 దాటనియ్యకు, ఫోమ్ కుంగుతది. డైల ఉండంగనే ఎందుకంటే వేడికి ఒకసారి మెత్తబడి మల్ల గట్టిపడేటప్పుడు ఆకారం పోకుండ డై పట్టి ఉంచుతది. ఇట్ల చేసినంక ఆ ఎపాక్సీ ఇంకా ఎక్కువ వేడికి ఓర్చుకుంటది.

రంగు నలుపు బదులు లేత బూడిద రంగు వెయ్యి, చూపుకు కూడ అది నిజం కాక్‌పిట్ లెక్కనే ఉంటది. గ్రౌండ్‌ల నిలబెట్టినప్పుడు కనోపీ మీద తెల్ల బట్ట కప్పు. ఇప్పుడు కుంగినదాన్ని పారెయ్యకు, డైల మల్ల కూర్చోబెట్టి ఇసుక సంచి బరువు పెట్టి ఇదే లెక్కన వేడి చేస్తే చానా వరకు తిరిగి వస్తది.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్న. రూంల ఎపాక్సీ పని చేస్తుంటే అమ్మ వాసన, దురద అని బయటికి వెళ్లగొడుతుంది. ఎపాక్సీకి అంత వాసన కూడ ఉండదు కదా సార్?
— కాజీపేట

జవాబు: అమ్మ చెప్పిందే కరెక్టు, డాబా మీదికి పో. వాసన తక్కువ ఉందని ఎపాక్సీ మంచిదని కాదు. అది చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే అలర్జీ మొదలయితది, ఒకసారి మొదలైందంటే జీవితాంతం పోదు, ఆ తర్వాత చిన్న చుక్క తగిలినా దద్దుర్లే. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకో, చినిగితే వెంటనే మార్చు, ఫుల్ చేతుల చొక్కా వేసుకో. చేతికి అంటితే థిన్నర్, అసిటోన్ పెట్టి కడగకు, అవి రెసిన్‌ను చర్మం లోపలికి తీస్కపోతయి. బట్టతో తుడిచి సబ్బు నీళ్లతోని కడుక్కో. రుద్దే పని ఎప్పుడూ నీళ్లు పెట్టి రుద్దు, ఎన్95 మాస్క్ కట్టుకో, గ్లాస్ దుమ్ము బట్టలను ఇంట్ల బట్టలతోని కలిపి ఉతకొద్దు. మీ కాలేజీ ల్యాబ్‌ల పాలిస్టర్ వాడుతుంటే ఒక మాట గుర్తుంచుకో, కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, ఎంఈకేపీ క్యాటలిస్ట్‌ను నేరుగ ఒకదాంట్ల ఒకటి పొయ్యకూడదు, పేలుతది. ఒకటి రెసిన్‌ల పూర్తిగ కలిపినంకనే రెండోది.

ప్రశ్న: కనోపీ ఫ్రేమ్ బాడీకి సరిగ కూర్చుంట లేదు, ఒకపక్క సందు వస్తుంది. పైగా గమ్ము పెట్టిన కాడ కనోపీ తెల్లగ మబ్బు పట్టింది.
— జగిత్యాల

జవాబు: ఫ్రేమ్‌కు కొలతలు తీసుకునే పనే వద్దు, బాడీనే డై చేసుకోండి. కాక్‌పిట్ అంచు చుట్టూ ముడత లేకుండ ప్యాకింగ్ టేపు అతికించి, దాని మీద వ్యాక్స్ రుద్ది, సన్న గుడ్డ పట్టీలు నాలుగైదు పొరలు ఎపాక్సీతో అక్కడే పరచండి. ప్యాకింగ్ టేపుకు ఎపాక్సీ అతకదు. ఆరినంక ఊడబీకితే ఆ ఫ్రేమ్ మీ బాడీకి మాత్రమే సరిపోయే ఫ్రేమ్ అయితది. ఏఎస్‌కే 21ల ముంగటి కనోపీ ముందుకు లేస్తది, ఎనుకది ఎనుకకు లేస్తది, కాబట్టి రెండు ఫ్రేమ్‌లు కలిసే కాడ మధ్యల ఒక మిల్లీమీటరు సందు వదలండి.

మబ్బు ఫెవిక్విక్ లాంటి గమ్ము ఆవిరికి వస్తది, కనోపీ దగ్గరికి దాన్ని తేకండి. ఆరినంక కూడ జర సాగే కనోపీ గమ్ము వాడాలె. ఎందుకంటే కనోపీ ప్లాస్టిక్ ఎండకు ఫైబర్ కన్న ఎక్కువ సాగుతది, అర మీటరు కనోపీకి 40 డిగ్రీల తేడాల దాదాపు ఒక మిల్లీమీటరు వస్తది. గట్టి గమ్ము పెడితే అంచుల కాడ పగుళ్లు వస్తయి, మీకు ఒకపక్క వచ్చిన సందుకు కూడ ఇది కారణం కావచ్చు, పొద్దుగాల ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి పోల్చుకోండి.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, 3డీ ప్రింటర్‌ల కొట్టేస్తే కాదా?
— మంచిర్యాల

జవాబు: ప్యాటర్న్‌కు కొట్టుకోండి, చానా మంచిది, పుట్టీ పెట్టి రుద్దితే ఫోమ్ చెక్కే పని తప్పుతది. సీటు, మీటర్ల కప్పు మాత్రం నేరుగ పీఎల్ఏ అనే ప్రింటర్ ప్లాస్టిక్‌తోని వద్దు, అది 60 డిగ్రీల కాడ మెత్తబడతది, పైన గోదావరిఖని తమ్ముని సంగతి చదివిండ్రు కదా, పైగా అదే గట్టిదనానికి ఫైబర్ కన్న బరువెక్కువ. చిన్న చిన్న వస్తువులకు ప్రింటర్‌ను మించింది లేదు, పీఈటీజీ లేదా ఏబీఎస్ ప్లాస్టిక్ వాడండి. అసలు గ్లైడర్ల మీటర్లు 80, 57 మిల్లీమీటర్ల సైజుల వస్తయి, మూడో వంతుకు 27, 19 అయితయి, ప్యానల్‌ల రంధ్రాలు ఆ లెక్కన కొట్టుకోండి. పిడులకు రంగులు కూడ అసలు లెక్కనే వెయ్యండి, టో రిలీజ్‌ది పసుపు, ఎయిర్‌బ్రేక్‌ది నీలం, ట్రిమ్‌ది ఆకుపచ్చ, కనోపీ విసిరేసేది ఎరుపు. అసలు గ్లైడర్‌ను దగ్గర నుంచి చూడాలనుంటే పుణె హడప్సర్‌ల గ్లైడింగ్ సెంటర్ ఉంది, ముందుగాల అడిగి, పర్మిషన్ తీసుకొని, టేపు, కెమెరా పట్టుకొని పొండి, సీటు బెల్టు బకిల్ ఏ ఎత్తుల ఉంటది, పక్క ప్యానల్ మీద పిడి ఎక్కడ తేలుతది అనేవి ఫోటోల కన్న అక్కడ మంచిగ అర్థమయితయి.